సోమలింగాచారి గాలిపెట్టె

నేను ఒకప్పుడు పాడేదాన్ని. ఈ మాట బయటకు చెప్పుకోవడానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. అంతకు ముందు కొన్నేళ్ళు, పాడటం మానేశానని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. మనుషుల చేతుల్లో పెరిగిన వస్తువుకు వాళ్ళ సిగ్గులే అంటుకుంటాయి కాబోలు.

నన్ను చేసినవాడు తెనాలిలో మారోజు సోమలింగాచారి. కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులతో వాయించే హార్మోనియాలు చేసేవాడాయన. నాటకాలవాళ్ళు వాటిని లెగ్ హార్మోనియాలు అనేవారు. ఆయన దుకాణం ఒక సన్నటి వీధిలో పొడుగాటి గది. తలుపు తెరవగానే చెక్కలు అతికే వజ్రం కాగుతున్న వాసన ముక్కుకు కొట్టేది. నా పెట్టెకు టేకు, తిత్తికి మేకతోలు వాడాడు. తిత్తి కుట్టడం అయ్యాక ప్రతి మడత దగ్గరా చెంప ఆనించి, గాలి ఎక్కడన్నా కారుతోందేమో చూశాడు. నాకు తెలిసిన మొదటి మనిషి స్పర్శ ఆ గరుకు చెంపే. దుకాణం ముందు ‘శ్రీ సరస్వతీ హార్మోనియం వర్క్స్’ అని నీలం బోర్డు ఉండేది. ఆ బోర్డు కింద నిలబడి ఆచారి తలపాగా సర్దుకుంటుంటే, ఆయనకు తన పని మీద ఎంత గర్వమో దారిన పోయేవాళ్ళకు కూడా తెలిసేది.

నన్ను ఒక నాటక కంపెనీ కొన్నది. వాళ్ళ హార్మోనిస్టు మస్తాన్ సాయిబు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చెప్పులు విప్పి, ఒట్టి పాదాలతో నా చెక్కలను తొక్కేవాడు. స్టేజీ మీద వెలుగంతా కిరీటాలవాళ్ళది. మేమిద్దరం ఒక పక్కన, సగం చీకట్లో ఉండేవాళ్ళం. రాజు వేషగాడు పద్యం ఎత్తుకుని రాగం లాగీ లాగీ, దమ్ము చాలక తడబడబోయే క్షణంలో మస్తాన్ నన్ను గట్టిగా తొక్కి ఆ రాగాన్ని కింద పడకుండా పట్టుకునేవాడు. జనం వన్స్ మోర్ అని ఈలలు వేసేవారు. రాజుగారు మీసం దువ్వుకునేవారు. ఆ రాగం చివర్లో వినిపించిన గాలి ఎవరిదో మస్తానుకూ నాకూ తప్ప తెలిసేది కాదు. ఆ రహస్యం మా ఇద్దరికీ ఇష్టంగానే ఉండేది.

తర్వాత తిరునాళ్ళలో నాటకాల బదులు రికార్డింగ్ డాన్సులు వచ్చాయి. నాటకం ఆడిన చోట కూడా కరెంటు కీబోర్డు వచ్చి కూర్చుంది. కంపెనీ మూతపడింది. పోతూ పోతూ నన్ను మస్తానుకే ఇచ్చేశారు. అప్పటికి నా తోలు చిట్లిపోయింది. ఆయన నన్ను బస్సు మీద వేసుకుని తెనాలి తీసుకొచ్చాడు.

“తిత్తి మార్చు ఆచారీ. తొందరేం లేదు. మేం మా ఆవిడ ఊరికి పోతన్నాం, సముద్రం వైపుకి. కుదురుకున్నాక వచ్చి తీసుకుపోతా. ఎవరన్నా అడిగితే మాత్రం ఇచ్చెయ్యమాక.”

“నీ పెట్టె నేనెవరికిస్తాను సాయిబూ? నా దగ్గరుంటే నీ ఇంట్లో ఉన్నట్టే,” అన్నాడు ఆచారి.

ఆ మాట నేను విన్నాను.

ఆచారి నాకు కొత్త తిత్తి వేశాడు. చేతిలో వేరే పని లేదేమో, ఉన్న నైపుణ్యమంతా దాని మీద పెట్టాడు. మడతల మధ్య పలచటి చెక్కరేకులు పెట్టి, తోలు రెండు పొరలు వేసి కుట్టాడు. తన జన్మలో అంత మంచి తిత్తి చేయలేదని ఆయనే అన్నాడు. కానీ మస్తాన్ రాలేదు. హార్మోనియం కావాలని కూడా ఎవరూ రాలేదు. ఆచారి పొద్దున్నే వచ్చి దుకాణం తెరిచి, ఉలి నూరి, సాయంత్రానికి దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టి వెళ్ళిపోయేవాడు.

ఆచారికి ఒక్కతే కూతురు, భ్రమరాంబ. సముద్రం వైపు ఒక చిన్న ఊళ్ళో సర్కారు ఆసుపత్రిలో నర్సు. సెలవు దొరికినప్పుడు తండ్రిని చూడ్డానికి వచ్చేది. ఒక ఆదివారం వచ్చి, పలకరించకుండా దుకాణంలో పీట మీద కూర్చుంది.

“ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?”

“కాన్పు జరుగుతుంటే కరెంటు పోయింది నాన్నా. పుట్టిన బిడ్డ గొంతులో ఉమ్మనీరు అడ్డం పడింది. లాగే మిషను ఆగిపోయింది. రబ్బరు గొట్టం నా నోట్లో పెట్టుకుని నేనే లాగాను. నా బలం సరిపోలేదు. బిడ్డ దక్కలేదు.”

ఆచారి ఉలి కింద పెట్టి లేచాడు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుంది. ఎదురుగా నేనున్నాను. ఆమె కాలు తనకు తెలియకుండానే నా చెక్క మీద పడింది. తొక్కింది. నేను ఊపిరి వదిలాను.

“ఇది గాలి ఊదుద్ది గదా నాన్నా. లాగదా?”

“ఊదాలంటే ముందు లాక్కోవాలి గదే. ఒక నోటితో మింగి ఇంకో నోటితో వదులుద్ది.”

“ఆ మింగే నోరు ఎక్కడుంది?”

ఆచారి వంగి నా అడుగున ఉన్న రంధ్రం చూపించాడు. ఆమె అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ తొక్కింది. చెయ్యి రంధ్రానికి అతుక్కుపోయింది. చెయ్యి తీసుకోకుండా తండ్రి ముఖంలోకి చూసింది. ఆచారి తల తిప్పుకున్నాడు.

ఆయన చాలా రోజులు తటపటాయించాడు. కొత్త తిత్తి చేద్దామని తోలు కోసం వెతికాడు. దొరికిన తోలు లాగే బలానికి లోపలికి కూలిపోయింది. నా చుట్టూ తిరిగాడు. మస్తానుకు ఒక కార్డు రాద్దామని కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అవతల కూతురు ప్రతి డ్యూటీకీ కరెంటు పోకూడదని దేవుడికి మొక్కుకుంటూ వెళ్తోంది. చివరికి ఒక ఉదయం నా ముందు కూర్చుని, మెట్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. స్వరాలు పలికే ఇత్తడి రీడ్లు తీసి గుడ్డలో చుట్టి, గుంటూరులో ఒక రిపేరు పనివాడికి పంపేశాడు. అవి ఇప్పుడు ఎవరి పెట్టెలో పాడుతున్నాయో నాకు తెలియదు. పై చెక్కలు కోసేశాడు. తిత్తి, తొక్కుడు చెక్కలు, నాలుగు కాళ్ళు మిగిలాయి. గాలి మింగే నోటికి రబ్బరు గొట్టం తగిలించి మధ్యలో గాజుసీసా పెట్టాడు. గాలి వదిలే నోటిని, ఒకప్పుడు స్వరాల వైపు ఉన్న నోటిని, ఊరికే తెరిచి వదిలేశాడు.

గంజి గిన్నెలో గొట్టం పెట్టి తొక్కి చూశాడు. గంజి గబగబా సీసాలోకి ఎక్కింది. పని జరిగింది. ఆయన మాత్రం చేతులు కడుక్కుని దుకాణం గడప మీద, వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ క్షణంలో నాకు మొదటిసారి సిగ్గు అంటే ఏమిటో తెలిసింది. పదిమందిలో బట్టలు ఊడదీసినట్టు ఉంది.

ఆసుపత్రిలో నా పని ఏమిటని అడగకండి. కళ్ళె, నెత్తురు, ఉమ్మనీరు, మనిషి బయటకు చూపించడానికి ఇష్టపడనివన్నీ నా సీసాలోకి వచ్చాయి. ఆయాలు నన్ను జరపాల్సి వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవారు. ఒకసారి కరెంటు లేని మధ్యాహ్నం భ్రమరాంబ తొక్కుతుంటే, నీలంగా మారిన ఒక బిడ్డ గొంతు తెరుచుకుని కేరుమన్నది. గదిలో అందరూ నవ్వారు. భ్రమరాంబ గోడకు ఆనుకుని ఏడ్చింది. నేను మాత్రం ఆ బిడ్డ ఏడుపు ఏ శ్రుతిలో ఉందా అని వెతుక్కున్నాను. అందరికీ బిడ్డ ఊపిరి వినిపించిన చోట నేను నా పాటను వెతుక్కున్నానంటే, నా బుద్ధి ఎంత చిన్నదో మీరే అనుకోండి.

ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ ఇలాంటివి ఇంకా కావాలంది. ఆమె మాట విని పక్క ఊళ్ళవాళ్ళు అడిగారు. వాళ్ళ డబ్బుతో గట్టి తోలు తెప్పించుకునే వీలు కలిగి, ఆచారికి మళ్ళీ చేతినిండా పని దొరికింది. కానీ ఆయన దుకాణాన్ని మధ్యకు తెరకట్టి రెండు చేశాడు. ముందు గదిలో పాత హార్మోనియం ఒకటి అలంకారానికి ఉంచి, తెర వెనక తొక్కుడు మిషన్లు చేసేవాడు. బయట సరస్వతీ బోర్డు అలాగే వేలాడింది.

“ఇంకా హార్మోనియాలేనా ఆచారి గారూ?” అని ఎవరైనా అడిగితే, “ఆఁ, అవే. ఇంకేం చేస్తాం?” అనేవాడు.

కళ్ళె లాగే మిషన్లు చేస్తున్నానని చెప్పుకోవడం ఆయనకు నామోషీ. బిడ్డలకు ఊపిరి పోస్తున్న మనిషి దొంగసరుకు చేసేవాడిలా గొళ్ళెం పెట్టుకుని పనిచేశాడు.

ఒకసారి నా స్ప్రింగు విరిగితే నన్ను బాగుచేయడానికి తెనాలి తెచ్చారు. తెర వెనక గోనెపట్టా కప్పి ఉంచారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ముందు గదిలో నాకు తెలిసిన గొంతు వినిపించింది.

“నా పెట్టె ఏది ఆచారీ? తీసుకుపోవటానికి రాలేదులే, ఒక్కసారి వాయించుకుని పోతా. చేతులు పీకుతున్నయ్యి.”

ఆచారి చేతిలో సుత్తి కింద పడిన చప్పుడు విన్నాను.

“పెట్టె… అది హైదరాబాదు పోయింది సాయిబూ. ఒక పెద్దాయన చూసి ముచ్చటపడ్డాడు. అద్దాల బీరువాలో పెట్టుకుంటానని బతిమాలాడు. నీకు కబురు చేద్దామంటే అడ్రసు తెలవలా.”

నేను ఊపిరి బిగబట్టాను. మస్తాన్ వేళ్ళు ఏదో చెక్క మీద ఆడి ఆగిన చప్పుడు వినిపించింది.

“పోన్లే,” అన్నాడు చివరికి. “పెద్దింటికి పోయింది. నా దగ్గరుంటే చెదలు పట్టేది. మంచి పనే చేశావు.”

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గోనెపట్టా కింద నేను, ముందు గదిలో ఆచారి, ఇద్దరం ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా కదల్లేదు.

రెండేళ్ళు గడవకుండానే మస్తానుకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాట ముద్దయిపోయింది. ఆయన ఉన్న ఊరికి దగ్గరి ఆసుపత్రి మాదే కాబట్టి అక్కడికే తెచ్చారు. ఆయన భార్య హుస్సేన్‌బీ మంచం పక్కన కూర్చుని విసురుతూ ఉండేది. గొంతులో చేరిన కళ్ళెను ఆయన దగ్గి ఊసుకోలేకపోయేవాడు. లాగి తీయాలి. మొదటి రోజుల్లో కరెంటు మిషనుతో తీశారు. నేను మూల నిలబడి, వార్డులో కరెంటు పోకూడదని కోరుకున్నాను. ఆయన కోసం కాదు, నా పరువు కోసం.

ఒక పొద్దున కరెంటు పోయింది. ఆయన గొంతులో గురగుర మొదలైంది. భ్రమరాంబ నన్ను మంచం దగ్గరకు లాగింది. మస్తాన్ కళ్ళు మొదట నా కాళ్ళ మీద పడ్డాయి. తర్వాత తొక్కుడు చెక్కల మీద ఆగిపోయాయి. ఇరవై ఏళ్ళు ఆయన ఒట్టి మడమలు అరగదీసిన గుంటలు అక్కడే ఉన్నాయి. భ్రమరాంబ పాదం వాటిలో ఇమడక పక్కకు జారింది. ఆయన ఆ గుంటల్ని చూసి, పైన నా మొండి శరీరాన్ని చూసి, భ్రమరాంబ ముఖం చూశాడు. ఆమె ఎవరి కూతురో ఆయనకు తెలుసు.

పళ్ళు బిగించి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

“నోరు తెరువయ్యా, ఊపిరాడదు!” అని హుస్సేన్‌బీ గడ్డం పట్టుకుంది. ఆయన ఇంకా గట్టిగా బిగించాడు. ముఖం కమిలిపోతోంది. కరెంటు వచ్చి ఆ పూట గడిచింది. కానీ ఆ తర్వాత నన్ను దగ్గరకు తెచ్చినప్పుడల్లా అదే వరస. భ్రమరాంబకు సంగతి పూర్తిగా తెలియదు. పెట్టె మస్తాన్‌దని తెలుసు గానీ, ఆయనకు చెప్పే కోశారని అనుకుంది. తండ్రికి కబురు చేసింది.

ఆచారి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మళ్ళీ కరెంటు లేదు. గురగుర వార్డంతా వినిపిస్తోంది. ఆయన మంచం కాళ్ళ దగ్గరే ఆగిపోయాడు.

“ఆచారన్నా, మీ మాటన్నా వింటాడేమో చెప్పండి,” అంది హుస్సేన్‌బీ. “దేనికి అలిగాడో తెలవదు. చచ్చిపోతాడన్నా!”

ఆచారి తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

“నేను చెప్పకుండా కోశానమ్మా ఈయన పెట్టెని. హైదరాబాదు పోయిందని అబద్ధం చెప్పాను. అప్పుడది తెర వెనకే ఉంది.” మంచం వైపు తిరిగాడు. “సాయిబూ, కోసినందుక్కాదు, నిన్ను అడక్కుండా కోసినందుకు సిగ్గుతో చస్తున్నాను. అడిగితే కాదంటావని భయపడ్డా. నువ్వు కాదనేవాడివి కాదని నాకు తెలుసు, అదీ తెలుసు. నన్ను తిట్టటానికైనా బతకాలి గదా, నోరు తెరువు.”

మస్తాన్ కదల్లేదు. భ్రమరాంబ తండ్రి వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఆచారి స్టూలు లాక్కుని, చెప్పులు విడిచి, నన్ను తానే తొక్కడం మొదలుపెట్టాడు. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా, దడదడా తొక్కుతున్నాడు. పనికిరాని తొక్కుడు.

మస్తాన్ ఎడమచెయ్యి దుప్పటి మీద లేచింది. మంచం పట్టె మీద మెల్లగా కొట్టింది. ఆగి మళ్ళీ కొట్టింది. ఆచారి తలెత్తి చూశాడు. తాళం తప్పిన కుర్ర ఆర్టిస్టుకు మస్తాన్ స్టేజీ మీద ఇలాగే వేలితో లెక్క చూపేవాడు. ఆచారి కాళ్ళు ఆ లెక్కలో పడ్డాయి. నా ఊపిరి నిలకడగా సాగింది. మస్తాన్ కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు.

ఆయన బతికాడు. కర్ర పట్టుకుని కాస్త నడిచేదాకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఇంటికి వెళ్ళేరోజు ఆచారి వచ్చి జట్కా ఎక్కించాడు. మస్తాన్ ఎడమచెయ్యి ఆయన భుజం మీద వేశాడు. నావైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన్ని నేను తప్పు పట్టను.

తెనాలి వెళ్ళగానే ఆచారి దుకాణంలో తెర పీకేశాడు. ఎవరైనా అడిగితే, “కళ్ళె లాగే మిషన్లండీ” అని తలెత్తి చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో గొంతు కాస్త వణికేదట. తర్వాత అలవాటైంది.

కొన్నేళ్ళకు భ్రమరాంబ ఉద్యోగం మానేసి ఆ పని తన చేతుల్లోకి తీసుకుంది. తొక్కుడు మిషన్ల తర్వాత కరెంటు మిషన్లు, బ్యాటరీవి, ఆపరేషన్ గదుల్లో వాడేవి. ఊరి బయట షెడ్డు వేసింది. తెల్లటి గచ్చు, తలకు టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు, గాలి కారుతోందో లేదో ముల్లు కదిపి చెప్పే మీటర్లు. ఆచారి చెంపతో ఇక ఎవరికీ పని లేకపోయింది. ఆయన రోజూ వచ్చి ముందు హాల్లో కుర్చీలో కూర్చునేవాడు. సరస్వతీ బోర్డు పోయి ‘భ్రమర మెడికల్ డివైసెస్’ వచ్చింది.

ఆసుపత్రి నన్ను పాత సామాన్లలో పడేస్తే భ్రమరాంబ వెతికి తెచ్చుకుంది. పాలిష్ పెట్టించి, హాల్లో గాజుపెట్టెలో నిలబెట్టింది. ముందు ఒక ఇత్తడి రేకు బిగించింది. ‘మా సంస్థ తొలి సక్షన్ పరికరం. రూపకల్పన: ఇంజనీర్ ఎం. సోమలింగాచారి.’ హార్మోనియం ఊసు లేదు. పెద్ద ఆసుపత్రులవాళ్ళు వచ్చినప్పుడు, నాటకాల పెట్టెలు చేసుకునే ఇల్లు అని తెలిస్తే చులకన చేస్తారని ఆమె భయం. తండ్రి తెర కట్టి ఒక పనిని దాస్తే, కూతురు రేకు బిగించి ఇంకో పనిని దాచింది. ఆచారి ఆ రేకు చదివి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఒక పెద్ద ఆసుపత్రి నుంచి కొనుగోలు బృందం వచ్చింది. భ్రమరాంబ షెడ్డంతా తిప్పి చూపించి, చివరికి హాల్లోకి తీసుకొచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన నా ముందు ఆగి రేకు చదివాడు. కుర్చీలో ఉన్న ముసలాయన్ని చూసి చేతులు జోడించాడు.

“ఈ ఇంజనీరు గారు మీరేనా సార్?”

ఆచారి కూతురి వైపు చూశాడు. ఆమె ముఖంలో రక్తం లేదు. అబద్ధం చెబితే ఎంత కుమిలిపోతాడో, వార్డులో తలపాగా చంకలో పెట్టుకుని నిలబడిన రోజున ఆమె కళ్ళారా చూసింది.

“అవునండీ,” అన్నాడు ఆచారి.

“ఆ రోజుల్లో ఇంజనీరింగంటే మాటలా! ఏ కాలేజీ సార్?”

ఆచారి పంచె అంచు వేళ్ళతో నలిపాడు. “పాతకాలం సంగతండీ. ఇప్పుడు జ్ఞాపకం లేదు.”

వాళ్ళు నవ్వి, ఆయన ఆరోగ్యం అడిగి, వెళ్ళిపోయారు. హాలు ఖాళీ అయింది. ఆసుపత్రి పాత సామాన్లలో పడి ఉన్నప్పుడు కూడా నేను అంత కుంచించుకుపోలేదు.

“ఎందుకట్లా చెప్పావు నాన్నా?”

“నువ్వు రాయించావు గదమ్మా. నేను కాదంటే పదిమందిలో నీ మాట పోదూ?” అన్నాడు. గొంతులో కోపం లేదు. చెప్పులు వెతుక్కుని, “ఎండెక్కుతోంది, ఇంటికి పోతా” అంటూ లేచాడు.

ఆమె ఆ రోజే రేకు పీకించింది. వాళ్ళకు ఫోను చేసి నిజం చెప్పింది. వాళ్ళు పట్టించుకోలేదు, మిషన్ల నాణ్యత చాలన్నారు. ఆ సంగతి చెప్పి తండ్రిని మళ్ళీ హాలుకు రమ్మని పిలిచింది. “వస్తాలేమ్మా” అన్నాడు గానీ రాలేదు. ఆ వానాకాలంలోనే జ్వరంతో పోయాడు.

ఇప్పుడు నా ముందు ఏ రాతా లేదు. గాజుపెట్టె చట్రం మీద నాలుగు మరల గుర్తులు మాత్రం మిగిలాయి. వచ్చినవాళ్ళు ఇదేమిటని అడుగుతారు. భ్రమరాంబ ఎంత పనిలో ఉన్నా తానే వచ్చి చెబుతుంది. హార్మోనియం సంగతి, మస్తాన్ సంగతి, దక్కని బిడ్డ సంగతి ధారాళంగానే చెబుతుంది. కానీ మొదలుపెట్టేటప్పుడు ఒక్క వాక్యం దగ్గర ఆమె వేలు చట్రం మీది మర గుర్తు మీదికి పోతుంది.

“మా నాన్న ఇంజనీరు కాదండీ,” అంటుంది. అని, ఖాళీ కుర్చీ వైపు చూడలేక తల దించుకుంటుంది.